ఆకాశసాక్ష్యమునకు నకలు కావలెను

2016 డిసెంబరు 7న శ్రీహరికోటనుండి ప్రయోగింపబడిన రిసోర్స్‌శాట్-2ఏ ఉపగ్రహము సుమారు 820 కిలోమీటర్ల యెత్తున సూర్యానువర్తన కక్ష్యలో తిరుగునట్లు నిర్మింపబడినది. పగటివేళ మనమీదుగా సాగునప్పుడెల్ల క్రింద ఉదయము పదిన్నర ప్రాంతమే యగును. వెలుగునీడలు రమారమి యొక్కతీరున నుండుటచే, కొద్ది వారముల యెడముతో తీసిన రెండు చిత్రముల నడుమ గానవచ్చు భేదము పైరుదే గాని ప్రొద్దుది కాదు. షాద్‌నగరమున నందుకొనబడు నిట్టి చిత్రములతో పంటల విస్తీర్ణమును, వరదముంపును గణించుచున్నారు. తెలుగునేలనుండి యెగసి తెలుగునేలకే వార్త నంపు నీ విద్యను శ్లాఘింపనివారెవరు?

అయినను బాల్కొండ పసుపురైతు పక్షమున నొక మనవి గలదు. ఈ ఉపగ్రహపు లిస్-3 కెమెరాకు ఒక్కొక్క చుక్క 23.5 మీటర్ల చదరము. అనగా ఎకరమునకు సుమారు ఏడు చుక్కలు! మన రైతులా, పసుపులోనే మక్క వేయుదురు. గట్టుమీది చుక్కలో పొరుగువాని చేనుకూడ కలియును. వానకాలమున మబ్బు క్రమ్మినచో ఆ కన్నే గానదు. 2022 ఫిబ్రవరి 14న పంపిన ఈఓఎస్-04 రాడారుకు మబ్బు అడ్డుగాదు. నేలలోపల కుళ్లు దుంప మాత్రము దానికిని గనుపింపదు.

కావున చిత్రమునుబట్టి నష్టమును నిర్ణయింపదలచినచో, దానిని తెలుగువ్రాతతో గ్రామపంచాయతీ గోడకు తగిలింపవలెను. కక్షిదారునకు నకలియ్యని సాక్ష్యముతో తీర్పు చెప్పుట యే న్యాయము? గట్టు త్రొక్కి చూచు అధికారినిగూడ, పసుపు త్రవ్వకమునకు ముందే, పంపవలెను.