వినోదము జీవనోపాధి యగునా?

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురమున్న సోదరి యొకరు గడచిన మాసమున మాకు లేఖ వ్రాసిరి. పేరు ప్రకటింపవలదని కోరిరి గాన ప్రకటించుట లేదు. ఆమె కుమారునకు 24 ఏండ్లు. అచ్చటనే పుట్టి పెరిగినవాడు. ఒక కంపెనీలో లెక్కలు చూచు ఉద్యోగము చేయుచున్నాడు. శుక్రవారపు రాత్రులయందు స్నేహితులను చేర్చుకొని బల్లమీద పాచికలతో నొక యాట యాడించుచుండును. ఇప్పుడు ఉద్యోగము మాని, ఆ యాట నాడించుటయే వృత్తిగా చేసికొందునని పట్టుపట్టినాడట. ‘మావారు వానితో మాటలాడుట మానినారు. పాచికలవలన బాగుపడినవారిని నేను భారతములో చూడలేదు. మీరేమందురు?’ అని ఆమె యడిగిరి.

మొట్టమొదట ఆమె భయమును కొంత తీర్పవలసియున్నది. ఇది జూదము కాదు. ఇందు పందెము లేదు, గెలుపోటములును లేవు. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. వారిలో నొకడు సూత్రధారుడు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. ఒకడు వీరుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు దొంగ. ‘మీరు పాడుపడిన కోటయెదుట నిలిచియున్నారు, లోపల దీపము వెలుగుచున్నది, ఏమి చేయుదురు?’ అని సూత్రధారుడు అడుగును. ఎవరికి తోచినది వారు చెప్పుదురు. ఆ సాహసము ఫలించినదో లేదో ఇరువది ముఖములుగల పాచిక తేల్చును. కథ ఆ రాత్రితో ముగియదు. మఱుసటి వారమునకు సాగును. ఏండ్ల తరబడి సాగుటయు కలదు. మన యిండ్లలో నాయనమ్మ కథ చెప్పుచుండగా పిల్లలు అడ్డుతగిలి, ‘రాజకుమారుడు ఆ తలుపు తీయకూడదు’ అని కథను తమ దారికి మలపుకొనుట లేదా? ఇదియు ఇంచుమించు అట్టిదే.

ఈ యాట పుట్టినది విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా యను చిన్న పట్టణమున. దీనినిగూర్చి వ్రాయువారు తఱచు ఆట నియమములను, రాక్షసులను వర్ణింతురు. మాకు మాత్రము ఆ యిండ్ల సంగతియే ముఖ్యముగా తోచుచున్నది.

గారీ గైగాక్స్ చికాగోలో బీమా కంపెనీ ఉద్యోగి. భార్య మేరీ జో. క్రమముగా అయిదుగురు బిడ్డలు. అతనికి బల్లమీది యుద్ధక్రీడలనిన ప్రాణము. రెండవ బిడ్డ కడుపున నున్న కాలమున, భర్త మఱియొక స్త్రీని మరగినాడేమో యని మేరీ జోకు అనుమానము కలిగెను. నిలదీయవలెనని స్నేహితుని యింటి నేలమాళిగలోనికి పోయి చూచెను. అచట పటములు పఱచిన బల్లయు, దానిచుట్టు మగవారును మాత్రమే యుండిరి. ఆమెకు ఊరట కలిగినదో, కోపమే హెచ్చినదో, సంసారము చేసిన పాఠకురాండ్రే యూహింపగలరు.

1970లో ఆ యుద్యోగము పోయెను. గైగాక్స్ బూట్లు బాగుచేయు పనికి దిగెను. ఆ పనిలో రాబడి కొంచెమే యైనను తీరిక యుండెను. ఆ తీరికలో ఆటలు వ్రాసెను. 1972లో డేవ్ ఆర్నెసన్ అను యువకుడు మినెసోటానుండి వచ్చి తాను కల్పించిన ఆట నొకదానిని చూపెను. దానినుండి వారిరువురును కొత్త యాటను రూపొందించిరి. మొదట ఆడి చూచినవారు గైగాక్స్ బిడ్డలైన ఎర్నీ, ఎలీజ్. 1973లో గైగాక్సును, అతని చిన్ననాటి మిత్రుడు డాన్ కేయ్‌యును తలకు 1,000 డాలర్లు వేసికొని కంపెనీ స్థాపించిరి. కేయ్ తన వంతు సొమ్మును జీవితబీమా పత్రముపై అప్పుగా తెచ్చెను. అదియు చాలక, బ్రయన్ బ్లూమ్ అనునాతనిని మూడవ భాగస్వామిగా చేర్చుకొని అతని 2,000 డాలర్లతో పని సాగించిరి. 1974 జనవరిలో ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువడెను. 1,000 పెట్టెలు, పెట్టె వెల 10 డాలర్లు. పెట్టెలను చేతితోనే కూర్చిరి. కేయ్ ఇంటి భోజనపు గదియే కార్యాలయము. ఏడాది తిరుగకమునుపే అన్నియు అమ్ముడుపోయెను.

ఇంతవఱకు మగవారు ముచ్చటగా చెప్పుకొందురు. 1975 జనవరిలో కేయ్ గుండెపోటుతో మరణించెను. వయస్సు 36 ఏండ్లు. గుండెకు శస్త్రచికిత్స జరుగవలసియున్నట్లు భాగస్వాములకైనను తెలియదు. తన మూడవవంతు ఏమి కావలెనో అతడు వ్రాసిపెట్టలేదు. అది భార్య డోనాకు సంక్రమించెను. దానిని కొని క్రొత్త కంపెనీ యేర్పఱచుటకు గైగాక్సువద్ద ధనము లేకుండెను. బ్లూమ్ కుటుంబమువారు పెట్టిరి. పెత్తనమును వారిదే యయ్యెను. పదేండ్లకు, 1985లో, ఆ వాటాలు మఱియొకరి చేతికి పోయి, కంపెనీని స్థాపించిన గైగాక్సే అధ్యక్షపదవిని కోల్పోయెను. ఆర్నెసన్ తన రాయల్టీకొఱకు 1979లో వ్యాజ్యము వేయగా 1981లో రాజీ కుదిరెను. మేరీ జోయు గైగాక్సును తుదకు విడాకులు పొందిరి. ఆట పాడుదని మే మనుట లేదు. ఇంటిలోనివారికి తెలియకుండ బీమా పత్రములు తాకట్టుపడుట, వాటాలకు వ్రాత లేకుండుట ఏ వ్యాపారమందైనను ఒక్కటే. భోజనపు గదిలో వ్యాపారము నడచుచున్నపుడు ఆ గదిని ఊడ్చి తుడుచునామెకు ఆ కాగితములు చూచు హక్కు లేదా?

ఇదే వృత్తిలో మఱియొక సంసారమును కలదు. యూటా రాష్ట్రమున ట్రేసీ హిక్మన్, లారా హిక్మన్ అను దంపతులు కథలు కలసి కల్పించెడివారు. బిడ్డలకు బూట్లు కొనుటకై తమ కథను ఈ కంపెనీకి పంపితిమని ట్రేసీయే చెప్పియున్నాడు. కంపెనీ కథను మాత్రమే కాక 1982లో అతనిని ఉద్యోగమునకును తీసికొనెను. 1983లో వెలువడిన ‘రేవెన్‌లాఫ్ట్’ అను కథపై ఇరువురి పేర్లును అచ్చయినవి. భార్య పేరును వేయుట మాకు మిక్కిలి నచ్చినది.

ఇక సోదరి కుమారుడు ‘క్రిటికల్ రోల్’ బృందమును చూపి వాదించుచున్నాడట. 2015లో తమ యాటను అంతర్జాలమున ప్రసారము చేయ నారంభించిన ఆ బృందమువారు, 2019లో 7,50,000 డాలర్ల చందా కోరగా 1 కోటి 13 లక్షల డాలర్లకు మించి వచ్చిన మాట నిజమే. కాని వారు అప్పటికే చిత్రములకు గాత్రదానము చేసి జీవించుచున్న నటులు. వారిని చూచి ఉద్యోగము మానుట, లాటరీ తగిలినవానిని చూచి అప్పుచేయుట వంటిది.

రుసుము గైకొని ఆటను నడుపువారు ఈనాడు పెక్కురు కలరు. ఆటగానికి ఒక రాత్రికి 15 మొదలు 25 డాలర్ల వఱకు పుచ్చుకొనుట సాధారణము. 20 అనుకొందము. అయిదుగురకు 100 డాలర్లు. ఆట నాలుగు గంటలు. కథ సిద్ధపఱచుటకును, ఉత్తరప్రత్యుత్తరములకును మఱి మూడు గంటలు. గంటకు 14 డాలర్లు పడుచున్నది. వారమునకు అయిదు ఆటలైనచో 500. సంవత్సరమున 50 వారములకు 25,000. ఆటగాండ్రను సమకూర్చు వెబ్‌సైటు తన కమీషను ముందే మినహాయించుకొనును. ఉద్యోగియైనచో సామాజిక భద్రతా పన్నులలో సగము యజమాని భరించును. స్వంతముగా పనిచేయువాడు దాదాపు మొత్తము 15.3 శాతము తానే చెల్లింపవలెను. ఆదాయపు పన్ను వేఱు. ఇద్దఱు రాకున్న ఆ రాత్రి 40 డాలర్లు పోయినట్లే. గొంతు పట్టినచో వారమే పోవును.

ఈ లెక్కలో నెక్కని దొకటి కలదు. స్నేహితుడు ఆలస్యముగ వచ్చినచో కోపపడవచ్చును. సొమ్మిచ్చినవాడు వచ్చినచో నవ్వవలెను. కావున కుమారుడు ఏమి చేసినను ఆ శుక్రవారపు ఆటను మాత్రము అమ్మవలదని మేము వ్రాసితిమి.

ఆమెకు మేము వ్రాసిన తక్కిన సలహా యిది. అబ్బాయి అచ్చటనే పుట్టినవాడు గనుక చిక్కు లేదు. ఉద్యోగపు వీసాపై నున్నవారు ఇట్లు స్వంతముగా ధనమార్జించుట చట్టసమ్మతము కాదు. తండ్రి ఉద్యోగమువలని ఆరోగ్యబీమాలో బిడ్డలకు చోటున్నచో, 26 ఏండ్లు నిండువఱకు కుమారు డందుండవచ్చును. అనగా ఇంకను రెండేండ్ల గడువు కలదు. మొదటి యేడాది ఉద్యోగము మానక, వారమునకు రెండు రాత్రులు రుసుముతో నడుపవలెను. రాబడి, కమీషను, పన్ను, రాని ఆటగాండ్రు అన్నియు ఒక పుస్తకమున వ్రాసి నెలకొకమాఱు తల్లికి చూపవలెను. లెక్కలు వ్రాయుట వాని వృత్తియే కదా. ఏడాది చివర ఆ పుస్తకమును తండ్రిముందు పెట్టి, ఉద్యోగపు మాట అప్పుడెత్తవలెను. ఈలోపల ఒక శుక్రవారము దంపతులిద్దఱును ఆ బల్లవద్ద కూర్చుండి ఆట చూడవలెననియు వ్రాసితిమి. మావారు ససేమిరా యనుచున్నారని జవాబు వచ్చినది. ఆమె మాత్రము కూర్చుండిరట. మంత్రగత్తె పాత్ర నిచ్చినారట. తక్కిన సంగతులు ఆమె అనుమతించినచో పై సంచికలో ప్రకటింతుము.