బాలింత తలనొప్పిని ‘గాలి’కి వదిలేయకండి

కాన్పయి ఆరు వారాలు దాటని తల్లి ‘తల పగిలిపోతోంది’ అంటే ఆ పూటే బీపీ చూపించండి. బామ్ రాయడం, తలకు గుడ్డ బిగించడం, మాత్ర వేసి పడుకోబెట్టడం అన్నీ ఆ తర్వాతే. తెల్లారాక చూద్దామనుకున్న ఇళ్లలో కొన్నిటికి ఆ తెల్లవారడం కాళరాత్రే అయింది.

మన ఇళ్లలో బాలింత తలనొప్పికి కారణం వెతకరు, ముందే సిద్ధంగా ఉంటుంది. గాలి తగిలింది. చెవుల్లో దూది పెట్టుకోలేదు, తలకు పోసుకుని జుట్టు ఆరబెట్టుకోలేదు, ఫ్యాను కింద పడుకుంది, ఫోను చూసింది. చెప్పేది అమ్మ, అమ్మమ్మ, మేనత్త. ఆ పిల్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు. అందుకే పిల్ల కూడా ఎదురు చెప్పదు. నొప్పికి పేరు దొరికింది కాబట్టి కారణం కూడా దొరికిందనుకుంటారు. రోజులు జారిపోయేది అక్కడే.

బాలింతలకు వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివేనన్నది నిజం. రాత్రికి నాలుగుసార్లు లేచి పాలిచ్చే మనిషికి నిద్రెక్కడిది? మెడ వంచి కూర్చుని మెడనరాలు పట్టేస్తాయి. గర్భంలో ఊరుకున్న మైగ్రేన్, ప్రసవం కాగానే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోవడంతో తిరిగొస్తుంది. కానీ ప్రాణం తీసే నొప్పులు కూడా ఈ మామూలు నొప్పుల వేషంలోనే వస్తాయి. ఏది ఏదో చూసి తేల్చాలి. ఊహించి తేల్చేది కాదు.

ముందు బీపీ సంగతి. ‘తొమ్మిది నెలలూ బీపీ బాగానే ఉంది కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. గర్భంలో ఎప్పుడూ బీపీ లేనివాళ్లకు కూడా కాన్పు తర్వాత మొదటిసారి రావచ్చు, ఆరు వారాల్లో ఎప్పుడైనా రావచ్చు. మామూలుగా ప్రసవం తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ బాగా పెరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే డిశ్చార్జి చేస్తారు. బండి తల్లినీ బిడ్డనూ గుమ్మం ముందు దింపి వెళ్లిపోతుంది, బీపీ మిషన్ ఆస్పత్రిలోనే ఉండిపోతుంది.

బీపీ 140/90 దాటితే అదే రోజు డాక్టరు చూడాలి. 160/110 చేరితే గంటలోపు మందు పడాలి. తలనొప్పితోపాటు కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ముఖం ఉబ్బడం, ఆయాసం వీటిలో ఏదున్నా మిషన్ కోసం వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి. దీని తర్వాతి మెట్టు ఫిట్స్. పాతవాళ్లు గుర్రపువాతం అన్నది దీన్నే. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టిన రోజులు మరీ దూరమేమీ కాదు. ఈ ఫిట్స్‌ను ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఖరీదైన మందు కాదు. 2002లో వెలువడిన ‘మ్యాగ్‌పై’ అనే పరిశోధన పది వేలమందికి పైగా స్త్రీలను పరిశీలించి, ఆ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. మందు సిద్ధంగానే ఉంది, బాలింతే దాని దగ్గరికి చేరడం లేదు.

బీపీ బాగానే ఉందనుకుందాం. అప్పుడు బాలింతను ఒక్క మాట అడగండి. లేచి కూర్చుంటే నొప్పి ఎక్కువవుతోందా, పడుకుంటే ఎక్కువవుతోందా? ఖర్చు లేని ఈ ప్రశ్నకు వచ్చే జవాబు డాక్టరుకు సగం దారి చూపిస్తుంది.

లేచి కూర్చోగానే తల మోయలేనట్టుండి, వెల్లకిలా పడుకున్న కాసేపటికే తేలికపడుతుంటే, సిజేరియన్‌కు ముందు వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజక్షన్‌ను అనుమానించాలి. సూది దిగిన చోట నుంచి వెన్నునీరు కారి, మెదడు చుట్టూ ఉండే ఒత్తిడి తగ్గడం వల్ల వచ్చే నొప్పి ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. కాబట్టి ఈ నొప్పి మన ఇళ్లకు కొత్తది కాదు, దాని పేరే మనకు కొత్త. చాలామందికి విశ్రాంతితో, మామూలు మాత్రలతో కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే బాలింత చేతి నుంచే కాస్త రక్తం తీసి వెన్నులో ఆ చోట ఎక్కిస్తారు. అది గడ్డకట్టి చిల్లును మూసేస్తుంది. మత్తు డాక్టర్లు ఎప్పటి నుంచో చేస్తున్న చికిత్సే. నెల రోజులు మంచానికి అతుక్కుని భరించాల్సిన పని లేదు.

జవాబు తిరగబడితే మాత్రం కాళ్లు పరుగెత్తాలి. పడుకుంటే పెరగడం, తెల్లవారుజామున మరీ ఎక్కువ కావడం, నిన్నటి కంటే ఇవాళ, ఇవాళ్టి కంటే రేపు ముదరడం, వాంతులు, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం ఇవి మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే సిరల్లో గడ్డ ఏర్పడిందనడానికి గుర్తులు కావచ్చు. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ప్రకృతి గర్భిణి రక్తానికి తొందరగా గడ్డకట్టే గుణాన్నిస్తుంది. ఆ గుణం ప్రసవం తర్వాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే అదే గుణం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక్కడ పెద్దవాళ్లకు చేతులు జోడించి ఒక మాట చెప్పాలి. బాలింతకు నీళ్లు కట్టడి చేయకండి. కుట్లు చీము పడతాయని, పొట్ట దిగదని, బిడ్డకు జలుబు చేస్తుందని రోజుకు రెండు గ్లాసుల వేడినీళ్లతో సరిపెడతారు. పాలు నిలదొక్కుకున్న తల్లి రోజుకు దాదాపు ముప్పావు లీటరు పాలిస్తుంది. ఆ నీరు ఎక్కడి నుంచి రావాలి? నీళ్లు తాగితే కుట్లు చీము పట్టవు. దూది పెట్టండి, స్కార్ఫ్ కట్టండి, కాయం తినిపించండి, అభ్యంతరం లేదు. మంచం పక్కన నీళ్ల చెంబు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచండి. డాక్టరు మరో కారణంతో వద్దంటే తప్ప, దాహం వేసినప్పుడల్లా తాగనివ్వండి.

మెదడు సిరల్లో ఏర్పడే ఈ గడ్డ మామూలు సీటీ స్కాన్‌లో కనపడకపోవచ్చు. ‘స్కాన్ బాగుంది, ఇంటికెళ్లండి’ అన్నా నొప్పి ముదురుతూనే ఉంటే, సిరలను చూపించే ఎంఆర్ వీనోగ్రామ్ అవసరమా అని అడగండి. అడిగితే డాక్టరు నొచ్చుకుంటారనే మొహమాటం వద్దు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా మొదట చెప్పాల్సింది ‘కాన్పయి ఇన్ని రోజులైంది’ అన్న మాట. బిడ్డకు పాలు మానిపించాలేమోనని కొందరు ఆస్పత్రికి వెళ్లకుండా ఆగుతారు. ఈ గడ్డకు ఇచ్చే హెపారిన్ పాలలోకి వెళ్లదు. వేళకు మొదలుపెడితే ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు.

కుంపటి గురించి కూడా చెప్పాలి. చలికాలంలో తలుపులూ కిటికీలూ మూసిన గదిలో బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. పొగ పోయి నిప్పు ఎర్రగా ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. గదిలో ఉంటే తలనొప్పి, బయటికొస్తే హాయి, పక్కన పడుకున్న అమ్మమ్మకూ అదే నొప్పి. ఈ మూడూ కలిశాయంటే ముందు తల్లీబిడ్డలను బయటికి తీసుకురండి. సరైన గాలి మార్గం లేని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్‌తోనూ ఇదే ప్రమాదం.

2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశ సగటు 97. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, ఆస్పత్రి కాన్పులు కలిసి సాధించిన గెలుపు ఇది. అయితే పత్రికగా ప్రభుత్వాలను ఒకటి అడుగుతున్నాం. ఆస్పత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలని నిబంధన ఉంది. బిడ్డ బరువు తూచే ఆ ఆరుసార్లూ తల్లి బీపీ కూడా చూడాలి. అందుకు ఆమె సంచిలో మిషన్ ఉండాలి, వాడే తర్ఫీదు ఉండాలి. అంకె ఎక్కువుంటే ఫోన్ చేయడానికి రాత్రీపగలూ ఎత్తే ఒక నంబరు ఉండాలి. ఆస్పత్రులు డిశ్చార్జి కాగితం మీద బిడ్డ టీకాల తేదీల పక్కనే ఒక వాక్యం పెద్ద అక్షరాలతో, తెలుగులో అచ్చు వేయాలి: ‘తలనొప్పి వస్తే ఆ రోజే వచ్చి బీపీ చూపించుకోండి. ఓపీ టైమ్ దాటినా రండి.’