పాత పునాదికి ఏ రంగు?

ఖరగ్‌పూర్‌లో రైల్వే తొలి రోజుల నుంచీ తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి తాల్‌బగీచాలో ఒక పాత ఇంటిపై మరో అంతస్తు వేయాలనుకోండి. ప్లాన్‌లో పాతదేదో, కొత్తదేదో ముందు తేలాలి. కాగితం ప్లాన్‌లకు జాతీయ భవన నిర్మాణ నియమావళి రంగులు చెప్పింది: ఉన్న కట్టడానికి నల్ల గీత, కూల్చేదానికి పసుపు చారలు, కొత్తదానికి ఎరుపు. రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి గోడకూ అది ఏ దశలో వచ్చింది, ఏ దశలో పోతుంది అన్న వివరాలుంటాయి. వాటిని బట్టి గీత దానంతటదే మారుతుంది. సాధారణంగా పాతది లేత బూడిద రంగులో కనిపిస్తుంది.

చిక్కంతా ఆ బూడిద రంగులోనే ఉంది. టేపుతో కొలిచిన గోడా, మట్టి కింద ఉందనుకుంటున్న పునాదీ తెరపై ఒకేలా ఉంటాయి. కొత్త బరువు మోయాల్సిందేమో ఆ పునాదే! కొత్త కాంక్రీటు ఎంత బలంగా ఉండాలో డిజైనర్ నిర్ణయిస్తారు. పాతదాని బలం కనుక్కోవాల్సిందే. రీబౌండ్ హ్యామర్ కాంక్రీటు పైపొర గట్టిదనాన్నే చెబుతుంది. పునాది లోతు తెలియాలంటే పక్కన గొయ్యి తవ్వి చూడాలి.

అందుకే 'పాతది' అన్న ఒక్క గుర్తు చాలదు. కొలిచినది, పాత ప్లాన్ నుంచి తీసుకున్నది, ఊహించినది వేర్వేరుగా కనబడాలి. అదనపు వివరం చేర్చి, ఫిల్టర్‌తో రంగు మార్చడం ఇప్పుడూ సాధ్యమే. 1951లో ఐఐటీ మొదలైన హిజ్లీ పాత భవనానికి రాసిపెట్టిన చరిత్ర ఉంది. మామూలు ఇంటికి చాలాసార్లు పాత ప్లానే దొరకదు. పునాది 'ఊహ' రంగులో కనిపిస్తే, దండగ ఖర్చనుకున్న గొయ్యిని మేస్త్రీ పని మొదలుపెట్టకముందే ఇంటివాళ్లే తవ్వించమంటారు.