మా డప్పు కావాలి, మేం వద్దా?



సంక్రాంతికి ముందు పట్నం నుంచి మా వాడకు ఒక పిలుపు వచ్చింది. జానపద సంబరాలు జరుపుతున్నారట. ఎనిమిది డప్పులు కావాలట. వచ్చిన పెద్దమనిషిని కూచోమన్నాం. కూచోలేదు. నిలబడే మాట్లాడాడు. "మీ డప్పు సప్పుడంటే మాకు పానం" అన్నాడు.

పోయాం. గేటు దగ్గర్నుంచి వేదిక దాకా ముఖ్య అతిథుల ముందు కొట్టుకుంటూ నడిచాం. అతిథులు మెట్లెక్కగానే "ఇగ ఆపుండ్రి" అన్నారు. ఆఖర్న వేదిక మీద మాకు దొరికింది ఏడు నిమిషాలు. మైకులో మా ఊరు పేరు రాలేదు, మా మనుషుల పేర్లు రాలేదు. "ఇప్పుడు జానపద కళాకారుల బృందం" అన్నారు, అంతే. అందరూ తిన్నాక టెంటు వెనక అన్నం పెట్టారు. చేతిలో పెట్టిన డబ్బులు బస్సు చార్జీలకు సరిపోయాయి. ఎనిమిది మంది కూలి పోయింది.

ఆ సంబరాలు జరిపినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే తప్పంతా ఆ ఒక్కరిదే అయిపోతుంది. ఈ తప్పు ఒక్కరిది కాదు. పండుగ జరిపే కమిటీలదీ, కచేరీ పెట్టే సభలదీ, రేడియోదీ, సినిమాదీ. ఆఖరికి మన సంఘాలది కూడా. అందుకే ఈ నాలుగు మాటలు.

జానపదం విని సంతోషించొద్దని మేం అనడం లేదు. పాట పుట్టిందే పదిమంది వినడానికి. నాటు వేసే ఆడవాళ్ళ పాట వింటే నడుం నొప్పి మరిచిపోతాం. దరువు పడితే ముసలోళ్ళ కాళ్ళు కూడా ఊగుతాయి. మా తగాదా సంతోషంతో కాదు. పాటను దగ్గరికి తీసి పాటగాణ్ణి దూరం పెట్టే సంతోషంతో మా తగాదా.

ముందు ఈ 'జానపదం' అనే మాట సంగతే చూడండి. ఊళ్ళో ఏ వాద్యమూ దిక్కులేనిది కాదు. డప్పు మాదిగోళ్ళది. కిన్నెర డక్కలోళ్ళది. జమిడిక బైండ్లోళ్ళది. చిందు చిందోళ్ళది. శవం లేస్తే కొట్టడానికీ, చాటింపు వెయ్యడానికీ, జాతరలో ముందు నడవడానికీ మమ్మల్ని కులం పేరు పెట్టే పిలిచారు. అప్పుడు ఎవరికీ 'జానపదం' గుర్తు రాలేదు. పట్నంలో చప్పట్లు కొట్టాల్సి వచ్చేసరికి కులం పేరు తీసేశారు, 'జానపదం' అన్నారు. వెట్టికి మా పేరుంది, మెప్పుకి లేదు. ఇదెక్కడి న్యాయం?

డప్పు కొట్టడం సులువనుకుంటారు. చెక్క చట్రం వంచి, మేకతోలు నానబెట్టి, బిగించి, ఎండబెట్టి, కొట్టేముందు మంట మీద కాచి శ్రుతి చెయ్యాలి. ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల, కుడి చేతిలో పొట్టి సిర్ర. చావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు. కళ్ళు మూసుకుని విన్నా ఊళ్ళో ఏం జరుగుతున్నదో తెలిసిపోతుంది. ఇంత లెక్క ఉన్నదాన్ని 'సప్పుడు' అంటారు. సభలో కూచుని వాయించేదాన్ని 'సంగీతం' అంటారు.

సరే, ఆ సభలో వాయించే మృదంగం తోలు ఎక్కడిది? ఆవుతోలు, బర్రెతోలు, మేకతోలు లేకుండా మృదంగం పలకదు. ఆ తోలు ఊనే చేతులు, ఆ వాద్యం కట్టే చేతులు ఎక్కువగా దళితులవి, దళిత క్రైస్తవులవి. తమిళనాడులో కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ ఆ మృదంగాలు చేసేవాళ్ళ మీద 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. దాన్ని ఆవిష్కరించడానికి చెన్నైలోని కళాక్షేత్ర ముందు హాలు ఇస్తానని, తర్వాత ఇవ్వనన్నది. మృదంగానికి వేదిక ఉంది. మృదంగం చేసినవాడి పేరుకు మాత్రం లేదు. చచ్చిన గొడ్డు చర్మం వేదికెక్కవచ్చు గాని, ఆ చర్మం ఒలిచినవాడు ఎక్కితే మైల పడుతుందా?

ఇక రేడియో. మన తాతలు పంచాయతీ రేడియో కింద కూచుని పాటలు విన్నారు. రేడియో వల్ల మేలు జరగలేదని అనం. ఒక ఊరి పాట వంద ఊళ్ళకు పోయింది. కాని ఏది పాట, ఏది పాట కాదు అని తేల్చినవాళ్ళెవరు? 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా అది సడలలేదు. మన వీధి భాగవతాలకు హార్మోనియమే ప్రాణం. వాళ్ళకేమో అది శ్రుతి తప్పిన పెట్టె! 1952లో కేంద్ర మంత్రి కేస్కర్ సినిమా పాటలనే గాలిలోకి రానియ్యలేదు. జనానికి ఏది వినబడాలో పైన కూచున్న నలుగురు తేల్చారు. పాడేవాడికి ఆడిషన్ పెట్టి బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడులిచ్చారు. తరతరాలుగా ఊరు ఊరంతా ఒప్పుకున్న గొంతు మళ్ళీ పరీక్షకు కూచోవాలి. పాట రాసుకున్నవాడు 'సేకర్త' అయ్యాడు, పాట ఇచ్చిన ముసలమ్మ 'అజ్ఞాత' అయింది. ఆమె అజ్ఞాత కాదు. ఆమెకు పేరుంది. అడగలేదంతే.

ఇప్పుడు కాలం మారింది, పద్మశ్రీలు ఇస్తున్నారు కదా అంటారు. ఇచ్చారు, సంతోషం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటతో దేశమంతా మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో కట్టుబడి కూలికి పోతున్నాడని పత్రికలు రాశాయి. మట్టిపని తప్పని మేం అనం, మేమంతా చేసేది అదే. కాని అంత మెచ్చుకున్న లోకం ఆ కిన్నెరకు ఎంత కూలి కట్టినట్టు? మెడలో పతకం వేస్తే పొయ్యి మీద కుండ ఉడకదు.

చట్టం లేదా అంటే ఉంది. 1957 కాపీరైట్ చట్టాన్ని 1994లో సవరించి పాడేవాడికీ వాయించేవాడికీ తన ప్రదర్శన మీద హక్కుందని రాశారు. 2012లో మళ్ళీ సవరించి, వ్యాపారానికి వాడుకుంటే రాబడిలో వాటా ఇవ్వాలన్నారు, ప్రదర్శించినవాడు తన పేరు చెప్పమని అడగవచ్చన్నారు. అంటే మైకులో పేరు చెప్పమని అడగడం బతిమాలడం కాదు, హక్కు. ఈ సంగతి మన వాడల్లో ఎందరికి తెలుసు? సెల్‌ఫోన్‌లో మన ఆట పట్టుకుపోయి అమ్ముకునేవాడికి మాత్రం బాగా తెలుసు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. మన పిల్లలు కొందరు "డప్పు కిందపడెయ్యాలె, అది బానిస గుర్తు" అంటున్నారు. వాళ్ళ మాటలో నిజముంది. చచ్చిన గొడ్డును మొయ్యొద్దని బాబాసాహెబ్ చెప్పాడు. ఊరి చావుకు ఊరికే కొట్టే డప్పు కూడా ఆ మోతలాంటిదే. దాన్ని దింపాల్సిందే. కాని 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు అదే డప్పు మన సంకకెక్కి మన మాట చాటింది. చాటింపు దెబ్బ అదే, చాటిన మాట మారింది. కాబట్టి తోలుది తప్పు కాదు. ఎవడి హుకుం మీద కొడుతున్నాం అనేదే లెక్క.

మన సభల్లో ఏం జరుగుతున్నది? జనం పోగయ్యేదాకా డప్పు కొట్టిస్తాం. నాయకుడు రాగానే ఆపమంటాం. డప్పు కొట్టినవాళ్ళు కింద, ఉపన్యాసకులు పైన. మరి ఆ పట్నం కమిటీకీ మనకూ తేడా ఏమిటి? ఆడవాళ్ళ చేతికి డప్పు ఇవ్వడానికి మన మగవాళ్ళు ఎందుకు వెనకాడుతున్నారు? ముందు మన ఇల్లు ఊడ్చుకోవాలి.

దారి లేదా అంటే ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో సంగం రేడియోను ప్రారంభించాడు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల పేద దళిత ఆడవాళ్ళ రేడియో అది. నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు దళిత యువతులు మైకు పట్టారు. జొన్నచేను పాట ఆ చేను కోసినవాళ్ళ నోటనే, వాళ్ళ యాసలోనే వచ్చింది. ఎవరూ గ్రేడు వెయ్యలేదు. అటు చెన్నైలో పా. రంజిత్, నీలం సంస్థ కలిసి 2020 డిసెంబర్‌లో, సరిగ్గా కర్ణాటక కచేరీల నెలలోనే, పరై, గానా పాటలకు తమ సొంత పండుగ పెట్టారు. వేరేవాళ్ళ వేదిక మీద ఏడు నిమిషాలు అడుక్కోలేదు.

అందుకని మా వాడలో కూచుని ఒక తీర్మానం చేసుకున్నాం. మీ వాడల్లో కూడా చర్చించండి.

ఒకటి: పేర్లూ ఊరూ మైకులో చెప్పకపోతే డప్పు కాచం.

రెండు: కూలి ముందే మాట్లాడుకుంటాం. పోయిన దినం, ప్రయాణం, తోలు ఖర్చు కలిపి లెక్క కడతాం.

మూడు: అతిథుల ముందు నడిచి కొట్టం. మేమే అతిథులం. అందరితో పాటు కుర్చీ, అందరితో పాటు పంక్తి.

నాలుగు: రికార్డు చేసుకుంటే కాగితం రాసివ్వాలి. మాకొక ప్రతి ఇవ్వాలి.

అయిదు: ఊరి చావులకు వెట్టిగా కొట్టం. మన చావులకు, మన పెండ్లిళ్ళకు, మన సభలకు కొడతాం. మన సభల్లో డప్పు వేదిక మీద ఉంటుంది. ఆడపిల్లలకు కూడా నేర్పుతాం.

దీనివల్ల పిలుపులు తగ్గుతాయని కొందరు భయపడుతున్నారు. తగ్గుతాయి. వచ్చే సంక్రాంతికి ఆ పెద్దమనిషి మా వాడకు రాకపోవచ్చు, ఇంకో వాడకు పోవచ్చు. అందుకే ఇది రాస్తున్నాం. ఇంకో వాడ కూడా ఇదే మాట చెబితే ఆయనకు పోవడానికి చోటుండదు. అప్పుడు వస్తాడు, అరుగు మీద కూచుంటాడు, మన పేరు అడుగుతాడు.

అడిగినాకే కొడదాం. అప్పుడు వినేవాడికీ సంతోషమే, కొట్టేవాడికీ సంతోషమే.

జై భీమ్!