అకీలాకు దక్కినది, డిలన్ తండ్రికి దక్కనిది

ప్రతిభావంతులైన బాలల చిత్రాలలో “ఎంత తెలివి?” అన్న ప్రశ్నకంటె “ఎవరి పిల్ల?” అన్న ప్రశ్న ముఖ్యమని నా అభిప్రాయం. 2006లో డగ్ ఆచిసన్ రచించి దర్శకత్వం వహించిన ‘అకీలా అండ్ ది బీ’ని ఆ దృష్టితో పరిశీలించవలసిందిగా మిత్రులకు మనవి. దక్షిణ లాస్ ఏంజెలెస్‌కు చెందిన 11 ఏళ్ల నల్లజాతి బాలిక ఆంగ్లపదాల స్పెల్లింగ్ పోటీలో జాతీయ విజేతగా నిలవడం ఇందలి కథ.

దీని వెనుక చరిత్ర ఉన్నది. 1936లో మెక్‌నోలియా కాక్స్ అనే 13 ఏళ్ల నల్లజాతి బాలిక ఓహాయో రాష్ట్రపు ఆక్రన్ నుండి వాషింగ్టన్‌లో జరిగే ఇదే పోటీకి బయలుదేరగా, దారిలో ఆమెను నల్లవారికి కేటాయించిన రైలుపెట్టెలోకి మార్చారు. తుది ఐదుగురిలో నిలిచిన ఆమె ‘నెమెసిస్’ అన్న పదం వద్ద ఓడింది. అది దేవతానామం, అడుగరాదన్న అభ్యంతరం చెల్లలేదు. ఆఫ్రికన్ అమెరికన్ విజేతను చూడడానికి 2021లో జైలా అవాంట్‌గార్డ్ గెలిచేవరకు వేచి ఉండవలసి వచ్చింది. చిత్రం ఆ విజయాన్ని 15 ఏళ్లు ముందే ఊహించింది.

అకీలా తొడపై తాళం వేస్తూ అక్షరాలు చెబుతుంది. ఆ లయ తాడాట ఆడే పిల్లలది. గణాల నడకతో పద్యాన్ని ధారణలో నిలుపుకున్న మనకు ఇందులో వింత లేదు. ప్రతిభ ఆమె వాడకట్టులోనే పుట్టిందని చెప్పడం ఈ చిత్రపు ఔన్నత్యం.

అయితే రెండు లోపాలు చెప్పక తప్పదు. గురువైన లారబీ తొలి సమావేశంలోనే ఆమె వీధిభాషను ఈసడిస్తాడు. సభలో పలుకవలసిన భాషను నేర్పడం గురుధర్మమే. కాని ఇంట తల్లి పలికే మాట హీనమైనదన్న భావం కలిగించడం విద్య కాదు. శ్రీకాకుళపు పలుకుబడినీ, తెలంగాణ యాసనూ తరగతిగదిలో పరిహసించిన చరిత్ర మనకున్నది. ఆ పరిహాసానికి గురియైన పిల్ల నోరు విప్పదు. నోరు విప్పని పిల్ల ప్రతిభ ఎవరికి తెలుస్తుంది?

రెండవది, ప్రత్యర్థి డిలన్ తండ్రి. రెండేళ్లు ద్వితీయస్థానంలో నిలిచిన కొడుకును కఠినోక్తులతో వేధించే ఆసియా మూలాల తండ్రిగానే అతడు మిగిలిపోతాడు. అకీలా తల్లి మొదట కూతురిని అడ్డగించినా, ఆమె భయం, భర్తృవియోగదుఃఖం మనకు తెలుస్తాయి. ఈ తండ్రి మనస్సులోకి కెమెరా తొంగి చూడదు. ఒక మూసను పగులగొట్టిన చిత్రమే మరొక మూసను వాడుకున్నది.

ఇది మనకు పరాయి విషయం కాదు. 1985లో బాలు నటరాజన్ గెలిచినది మొదలు భారతీయ మూలాల పిల్లలు ఈ పోటీలో ప్రముఖులైనారు. 2019లో ఉమ్మడి విజేతలు 8 మంది కాగా 7గురు వారే. 2024 విజేత బృహత్ సోమ తెలుగు కుటుంబపు బాలుడే. డిలన్ తండ్రి స్థానంలో లోకం రేపు మన తండ్రులనే ఊహించుకుంటుంది. నిజంగా అట్టి కాఠిన్యం మన ఇళ్లలో ఉంటే సరిదిద్దుకోవాలి. కాని అది ఒక జాతి లక్షణమని చూపితే ఒప్పుకోరాదు.

తెరపై ఎన్ని రంగుల ముఖాలున్నాయన్న లెక్కతో వైవిధ్యం సిద్ధించదు. ఎవరి హృదయాన్ని విప్పి చూపారన్నదే గీటురాయి. చిత్రాంతంలో అకీలా, డిలన్ ఒకరినొకరు గుర్తించి ఉమ్మడి విజేతలౌతారు. ఆ పిల్లలు చూపిన ఔదార్యం కథకుడు ఆ తండ్రిపట్ల కూడా చూపి ఉంటే ఎంత బాగుండేది! విజ్ఞులు మీరేమంటారో?