సంతకం లేని పని

2023 సెప్టెంబరు 19న అమెరికాలోని రెంటన్‌లో, బోయింగ్ 737 విమానాలు తయారయ్యే ఫ్యాక్టరీలో, ఎవరో ఒక ఫొటో తీశారు. ఒక మ్యాక్స్ 9 విమానం లోపలి గోడ ఫొటో అది. పైన ప్లాస్టిక్ పలకలు ఇంకా బిగించలేదు కాబట్టి డోర్ ప్లగ్ బయటికే కనిపిస్తోంది. ఎక్కువ సీట్లు వేసుకునే ఎయిర్‌లైన్స్‌కు అక్కడ అత్యవసర ద్వారం ఉంటుంది. అక్కర్లేదన్నవాళ్లకు ఆ కంతను మూసే దళసరి పలకే డోర్ ప్లగ్. దాన్ని కదలకుండా పట్టి ఉంచాల్సినవి నాలుగు బోల్టులు. ఫొటోలో మూడు చోట్ల బోల్టులు లేవు. నాలుగో చోటును ఇన్సులేషన్ కప్పేసింది. ఫొటో తీసినవాళ్ల దృష్టి బోల్టుల మీద లేదు. పక్కనే రివెట్లు మార్చే పని ముగిసింది, ఇక లోపలి పలకలు బిగించుకోవచ్చా అని మాట్లాడుకుంటూ పంపుకున్న మెసేజ్‌లో అదొక ఫొటో, అంతే.

అలాస్కా ఎయిర్‌లైన్స్‌కు వెళ్లిన ఆ విమానమే 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి 177 మందితో బయల్దేరి, దాదాపు 15 వేల అడుగుల ఎత్తులో ఆ ప్లగ్‌ను గాల్లో వదిలేసింది. ఆ కంత పక్కనే ఉన్న 26ఎ, 26బి సీట్లు ఖాళీగా ఉండటం వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. వాటికి ముందు వరుసలో కూర్చున్న కుర్రాడి ఒంటి మీద చొక్కాను గాలి లాగేసుకుంది.

నేను పనిచేసినంత కాలం ఇన్‌స్పెక్షన్‌లోనే చేశాను. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల చుట్టుపక్కల పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే యూనిట్లలో. విమానం ఎలా ఎగురుతుందో నన్నడిగితే తడబడతాను. కానీ ఒక ముక్క ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేటప్పుడు కాగితం ఎక్కడ తప్పిపోతుందో నాకు బాగా తెలుసు. అందుకే అలాస్కా ఎయిర్‌లైన్స్ ప్రమాదం మీద అమెరికా రవాణా భద్రతా బోర్డు బయటపెట్టిన వివరాల్లో అందరూ బోల్టుల గురించి చదువుతుంటే నా కళ్లు వేరే చోట ఆగాయి.

విమానం ఒళ్లు, అంటే ఫ్యూజలాజ్, అప్పట్లో కాన్సాస్‌లోని విచిటాలో స్పిరిట్ ఏరోసిస్టమ్స్ అనే కంపెనీ తయారుచేసి రైల్లో రెంటన్‌కు పంపేది. ఈ విమానం వచ్చేసరికే ప్లగ్ పక్కన ఐదు రివెట్లు చెడిపోయి ఉన్నాయి. వాటిని మార్చాలంటే ప్లగ్ తెరవాలి. తెరవాలంటే బోల్టులు తీయాలి. బోయింగ్ పద్ధతి ప్రకారం ఇలాంటిది ఏది విప్పినా ముందు కంప్యూటర్లో 'తీశాం' అని రికార్డు తెరవాలి. ఆ రికార్డు తెరిస్తే, తిరిగి బిగించాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టేదాకా అది మూతపడదు. ఇక్కడ ఆ రికార్డే తెరవలేదు. తీసినట్టు రాయలేదు కాబట్టి పెట్టారా అని అడిగేవాడు రాలేదు. ఎవరు తెరిచారో బోర్డు అడిగితే బోయింగ్ దగ్గర కాగితం లేదు. సెక్యూరిటీ కెమెరా వీడియో మీద అప్పటికే కొత్త రికార్డింగ్ పడిపోయింది. తలుపుల టీములో 24 మంది ఉంటే అంతకుముందు ఇలాంటి ప్లగ్ తెరిచిన అనుభవం ఒక్కడికే ఉంది. ఆయన ఆ రోజుల్లో సెలవులో ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్లంటే అడ్డం పడేవాళ్లని షాపులో ఒక పేరుంది. ఒక నెలాఖరున నా టేబుల్ మీదికి బ్రాకెట్ల లాట్ వచ్చింది. రూట్ కార్డులో పగుళ్ల పరీక్ష గడి ఖాళీ. "టెస్టు అయింది అన్నా, బయట చేయించాం, రిపోర్టు రేపొస్తది. బండి కింద ఆగి ఉంది, నువ్వొక్క స్టాంపు కొట్టు" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. మంచివాడే, అబద్ధం ఆడుతున్నాడని కూడా నేననుకోలేదు. బండి ఖాళీగా వెళ్లింది. రిపోర్టు మర్నాడు నిజంగానే వచ్చింది, ముక్కలన్నీ బాగానే ఉన్నాయి. తర్వాతి నెల ఓవర్‌టైమ్ లిస్టులో నా పేరు లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అలాంటివి రెండు మూడు చూశాక కొత్తగా చేరిన కుర్రాడికి స్టాంపు ఎప్పుడు కొట్టాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

రెంటన్‌లో జరిగిందీ ఇలాంటిదే అంటాను నేను. అక్కడ ఎవరో సోమరి మెకానిక్ బోల్టులు జేబులో వేసుకుని ఇంటికి పోలేదు. లైను ఆగకూడదు. ఒక స్టేషన్లో పని మిగిలిపోతే దాన్ని వెంటబెట్టుకునే విమానం తర్వాతి స్టేషన్‌కు కదిలిపోతుంది. వెనకబడ్డ పని, రాబోయే పని, మధ్యలో వేరే కంపెనీ మనుషులు వచ్చి చేసే మరమ్మతు పని, అన్నీ ఒకే చోట కలుస్తాయి. సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్‌స్టాండులో బస్సెక్కినట్టు ఉంటుంది, ఎవరి సంచీ ఎవరి చేతిలో ఉందో తెలియదు.

2018 అక్టోబరులో ఇండోనేసియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కూలిన రెండు మ్యాక్స్ విమానాల కథ వేరు. ఆ రెండింట్లో 346 మంది పోయారు, ఇథియోపియాలో పోయినవాళ్లలో మన తెలుగు యువతి ఒకరు. అది డిజైన్ చేసిన గదిలో జరిగిన తప్పు. ఒకే ఒక్క సెన్సర్ మాట నమ్మి ముక్కును కిందికి తోసే సాఫ్ట్‌వేర్ పెట్టారు, దాని సంగతి పైలట్ల పుస్తకంలో చెప్పలేదు. దాన్ని 20 నెలలు విమానాలు నేల మీద నిలిపి సరిచేశారు. సాఫ్ట్‌వేర్ ఒకసారి సరిచేస్తే అన్ని విమానాల్లోనూ సరవుతుంది. షాపు అలవాటు అలా కాదు, ప్రతి విమానం దగ్గరా ప్రతి షిఫ్టులో మళ్లీ సరిచేయాలి. అందుకే నా దృష్టిలో ప్రాణనష్టం లేని ఆ డోర్ ప్లగ్ సంఘటన బోయింగ్‌కు ఎక్కువ కష్టమైన జబ్బు.

(అహ్మదాబాద్ గురించి అడుగుతారని తెలుసు. 2025 జూన్‌లో కూలిన ఎయిరిండియా 787 మీద వచ్చిన ప్రాథమిక నివేదిక, టేకాఫ్ అవుతూనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ కటాఫ్‌కు మారాయని చెప్పింది. దాన్ని తెచ్చి ఈ లెక్కలో కలపడం నాకు న్యాయంగా తోచదు.)

ఈ జబ్బు ఎక్కడ పట్టుకుందో చాలామంది 1997లో మెక్‌డొనెల్ డగ్లస్‌ను కలుపుకోవడం దగ్గర మొదలుపెడతారు. నేను 2005 దగ్గర మొదలుపెడతాను. విచిటా ప్లాంటును బోయింగ్ ఆ ఏడాదే అమ్మేసింది. తన విమానం ఒంటినే తాను బయట కొనుక్కోవడం మొదలుపెట్టింది. 2013 నుంచి 2019 దాకా సొంత షేర్లు తిరిగి కొనడానికి సుమారు 4,300 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. చివరికి అదే విచిటాను 2025 డిసెంబరులో తిరిగి కొనుక్కుంది. అమ్మిన ఇంటిని ఇరవై ఏళ్లకు మళ్లీ కొన్నారు, అదీ మరమ్మతులు తమ నెత్తిన వేసుకుని. తప్పేమీ కాదు, కొనాల్సిందే.

2024 ఆగస్టులో వచ్చిన సీఈవో కెల్లీ ఓర్ట్‌బర్గ్ ఇంజనీరు, సియాటిల్ దగ్గరే ఉంటున్నాడు. లోపాలున్న ఫ్యూజలాజ్‌ను విచిటాలోనే ఆపేస్తున్నారు, రెంటన్‌కు రానివ్వడం లేదు. ఇవన్నీ మంచి పనులే. అన్నిటికన్నా మంచి పని మాత్రం బోయింగ్ చేసింది కాదు. నెలకు 38 మ్యాక్స్‌ల కన్నా ఎక్కువ చేయకూడదని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పెట్టిన పరిమితి అది. నెలాఖరు ఒత్తిడిని బయటివాడు వచ్చి కోసేశాడు. 2025 అక్టోబరులో ఆ పరిమితిని 42కు పెంచారు. దానికి కొద్ది రోజుల ముందే, కొన్ని విమానాలకు తుది యోగ్యతా పత్రం వారం విడిచి వారం బోయింగే ఇచ్చుకోవచ్చని ఎఫ్ఏఏ ఒప్పుకుంది. ఇది తొందరపాటు అంటాను. పరిమితి పెంచడమో, పత్రం చేతికివ్వడమో ఏదో ఒకటి ముందు చేసి ఏడాది చూడాల్సింది. రెండూ ఒకే సీజన్లో చేస్తే, రేపు ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో తేల్చడం కష్టం.

తప్పు కనిపిస్తే చెప్పమని ఉద్యోగులకు పెట్టిన 'స్పీక్ అప్' ఏర్పాటుకు ప్రమాదం తర్వాత ఫిర్యాదులు ఎన్నో రెట్లు పెరిగాయని బోయింగ్ చెప్పుకుంది. నాకు కావలసిన లెక్క అది కాదు. లైను ఆపినవాళ్లలో ఎందరికి మరుసటి ఏడాది జీతం పెరిగింది, ఎందరు వేరే విభాగానికి బదిలీ అయ్యారు? ఆ లెక్క ప్రచురించమనండి. చార్ల్‌స్టన్ ప్లాంటులో క్వాలిటీ మేనేజరుగా చేసి, 787 లోపాల గురించి ఏళ్ల తరబడి మొత్తుకున్న జాన్ బార్నెట్ 2024 మార్చిలో, బోయింగ్ మీద తాను వేసిన కేసులో వాంగ్మూలం ఇస్తున్న రోజుల్లోనే చనిపోయాడు. ఆయన కథ తెలిసిన ఉద్యోగికి గోడ మీద పోస్టరు ఏం ధైర్యం చెబుతుంది?

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోవడానికి లేదు. 737 తోక మీద నిలువుగా లేచే ఫిన్ మన ఆదిభట్లలో, టాటా బోయింగ్ ప్లాంటులో తయారై రెంటన్‌కు వెళుతోంది. మన పాలిటెక్నిక్‌లలో చదివిన పిల్లలు అక్కడ రివెట్లు కొడుతున్నారు. అందుకు గర్వంగానే ఉంది. నాకున్న ప్రశ్న ఒకటే. డిస్పాచ్ రోజున ఒక గడి ఖాళీగా ఉందని ఆ పిల్లల్లో ఒకరు ఆపితే, పై ఆఫీసు మేనేజరు ఏమంటాడు?

కొనేవాళ్లం కూడా మనమే. ఎయిరిండియా 2023లో 190 మ్యాక్స్‌లకు ఆర్డరిచ్చింది, ఆకాశ ఎయిర్‌వి అన్నీ మ్యాక్స్‌లే. ప్లగ్ ఊడిన కొద్ది రోజులకే అలాస్కా ఎయిర్‌లైన్స్ తన సొంత క్వాలిటీ మనుషులను ఇంకా ఎక్కువమందిని రెంటన్ లైను మీద నిలబెట్టింది. మన సంస్థల మనుషులు కూడా డెలివరీ రోజున రిబ్బన్ దగ్గరే కాక, పలకలు బిగించకముందు, గోడ ఇంకా తెరిచి ఉన్నప్పుడు అక్కడ ఉండాలి. ఎందరిని, ఏ స్టేషన్లలో పెట్టారో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడగాలి. విమానయాన మంత్రి శ్రీకాకుళం వారే కాబట్టి, ఈ మాట తెలుగులో అడిగినా ఆయనకు చేరుతుంది.