రేటు తగ్గిస్తే ఆర్డర్ వచ్చేస్తుందా? ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్లలో పెద్ద కంపెనీలు చూసేది ఇదే!

మిక్సీ మూత, ఫ్రిజ్ ట్రే, ఏసీ బాడీ, కారు డ్యాష్‌బోర్డు.. వీటిలో ప్లాస్టిక్ భాగాలను చాలా బ్రాండ్ కంపెనీలు సొంతంగా తయారు చేసుకోవు. బయటి మౌల్డింగ్ యూనిట్లకు ఆర్డర్ ఇస్తాయి. పెనుకొండలో కార్ల ప్లాంటు, శ్రీసిటీలో ఏసీల ఫ్యాక్టరీలు వచ్చాక తెలుగు రాష్ట్రాల్లోని చిన్న యూనిట్లకూ ఆశలు పెరిగాయి. ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం కేంద్రం 2025 మార్చిలో రూ.22,919 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. ఫోన్ల బయటి బాడీలు కూడా అందులో ఉన్నాయి. అయితే అంతకుముందే, 2024 జనవరిలో, ఫోన్ ప్లాస్టిక్ భాగాలపై దిగుమతి సుంకం 15 నుంచి 10 శాతానికి తగ్గింది. అంటే అవకాశంతో పాటు పోటీ కూడా పెరిగినట్టే.

మరి ఆర్డర్ ఎవరికి దక్కుతుంది? పీసుకి పావలా తగ్గించిన వాళ్లకేనా? కాదు. మొదటి పీసు ఎలా ఉందో లక్షో పీసు కూడా అలాగే ఇస్తారా అన్నదే అసలు పరీక్ష.

అచ్చు ఎవరిది?

మౌల్డింగ్‌లో అసలు పెట్టుబడి అచ్చు మీదే. ఒక్కో అచ్చుకు లక్షల్లో ఖర్చవుతుంది. చాలాసార్లు డబ్బు పెట్టేది కంపెనీ, దాచి నడిపేది యూనిట్. అందుకే అచ్చుకు ఏ స్టీలు వాడారు, ఎన్ని లక్షల షాట్లు తట్టుకుంటుంది, చెడిపోతే బాగుచేసే టూల్‌రూమ్ ఉందా అని ముందే అడుగుతారు. అచ్చు ఆగితే అవతల అసెంబ్లీ లైనే ఆగిపోతుంది మరి.

దానాలో తేడా వస్తే..

ప్లాస్టిక్ గుళికలను యూనిట్లలో 'దానా' అంటారు. నైలాన్, ఏబీఎస్, పాలీకార్బొనేట్ దానా గాలిలో తేమను పీల్చుకుంటుంది. సరిగా ఆరబెట్టకుండా మెషీన్‌లో పోస్తే పీసు మీద వెండి గీతలు పడతాయి. కొన్నిసార్లు పైకి బాగానే కనిపించి, తర్వాత పుటుక్కున విరుగుతుంది. వానాకాలంలో ఈ సమస్య మరీ ఎక్కువ. తుక్కును మళ్లీ పొడి చేసి కొత్త దానాలో కలపడం తప్పేమీ కాదు. కానీ ఎంత కలుపుతున్నారో చెప్పకుండా కలిపితే మాత్రం నమ్మకం పోయినట్టే.

ఒక మిల్లీమీటరుతోనే ఆర్డర్ వాపస్!

చల్లారే కొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది. ఏబీఎస్ సుమారు అర శాతం తగ్గితే, పాలీప్రొపిలిన్ 1 నుంచి 2.5 శాతం దాకా తగ్గుతుంది. 200 మిల్లీమీటర్ల ఏబీఎస్ పీసులో అర శాతం అంటే ఒక మిల్లీమీటరు. లెక్క తప్పితే మూత డబ్బాకు పట్టదు! అందుకే కంపెనీలు నోటి మాటను నమ్మవు. ట్రయల్ పీసుల కొలతలు, మెషీన్ సెట్టింగులు, బ్యాచ్ రికార్డులు చూపించమంటాయి. కార్ల కంపెనీలైతే ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. కరెంటు పోయినప్పుడు బ్యారెల్‌లో నిలిచిపోయిన ప్లాస్టిక్‌ని ఏం చేస్తారన్న చిన్న ప్రశ్న కూడా ఆడిట్‌లో రావచ్చు.

యూనిట్ యజమానులూ చూసుకోవాల్సింది ఉంది

ఆర్డర్ రావడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం మరో ఎత్తు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని చట్టం చెబుతోంది. గడువు దాటితే, ఆ డబ్బు చెల్లించే దాకా కొన్న కంపెనీ దాన్ని ఆదాయ పన్ను లెక్కలో ఖర్చుగా చూపలేదు. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందుకే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, కాగితం మీద ఒప్పందం తప్పనిసరి. అచ్చు ఎవరిది, మరమ్మతు ఖర్చు ఎవరిది అన్నది కూడా అందులోనే రాసుకోవాలి. లేదంటే గొడవ వచ్చిన రోజు ఆధారం ఉండదు.

టెస్టింగ్ ల్యాబ్ పెట్టుకునే స్తోమత లేని వాళ్లకూ దారి ఉంది. హైదరాబాద్, విజయవాడల్లోని సిపెట్ కేంద్రాల్లో ప్లాస్టిక్ పరీక్షలు చేయించుకోవచ్చు. అచ్చుల డిజైన్, శిక్షణకు బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది.

మొత్తానికి తక్కువ రేటు చెబితే కంపెనీ గుమ్మం దాకా వెళ్లొచ్చు. లోపలికి పిలిపించేది మాత్రం రికార్డుల ఫైలే.